పర్లాకిమిడిలో కూర్చుని నెట్ సోషియాలజీ చదివిన రోజులు

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్ష హాల్లో ఇంగ్లీషు. ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల్లో పెరిగిన మన తెలుగు పిల్లలందరికీ ఇది అలవాటే. 2025 జూన్ యూజీసీ నెట్‌లో (కాలేజీ అధ్యాపకులకు పెట్టే అర్హత పరీక్ష) నాకు సోషియాలజీలో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి గుణుపురం నుంచి, బరంపురం నుంచి, మా పర్లాకిమిడికి కూతవేటు దూరంలో ఆంధ్రాలో ఉన్న పాతపట్నం నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. అందరూ అడిగేది ఒకటే: "అక్కా, ఏ బుక్ చదివావు?" ఫోన్‌లో దానికి సరైన జవాబు చెప్పలేకపోయాను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

కొత్తవాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. పేపర్ వన్‌లో 50 ప్రశ్నలు, 100 మార్కులు. పేపర్ టూ మన సబ్జెక్టు, 100 ప్రశ్నలు, 200 మార్కులు. మూడు గంటల్లో రెండూ ఒకేసారి రాయాలి. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. ప్రశ్నలు ఇంగ్లీషులో, హిందీలో మాత్రమే ఉంటాయి. సోషియాలజీ సిలబస్ పది యూనిట్లు.

మొదటిసారి 2023 డిసెంబర్‌లో రాశాను. అప్పటికి నా చదువంతా ఒక లావుపాటి గైడు, అందులోని పేర్లు, సంవత్సరాలు. డర్కైమ్ ఆత్మహత్యల మీద రాసింది 1897, మలినోవ్‌స్కీ ట్రోబ్రియాండ్ దీవుల మీద రాసింది 1922, ఇలా గోడంతా చీటీలు అంటించాను. రాత్రిళ్లు పైకి చదువుతుంటే మా అమ్మ వచ్చి, "ఏటే, ఆ పేర్లేటి, మంత్రాల్లాగ చదువుతున్నావు?" అనేది. పరీక్షలో జతపరచండి ప్రశ్నలు కొన్ని వచ్చాయి, చేశాను. కానీ రెండు వాక్యాలు ఇచ్చి ఏది సరైనదో చెప్పమనేవి, ఒక వాదన ఇచ్చి దానికి కారణం ఇదేనా అని అడిగేవి వచ్చేసరికి చేతులు ఆగిపోయాయి. ఎవరు ఏ సంవత్సరంలో అన్నారో నాకు తెలుసు. ఏమన్నారో, ఎందుకన్నారో తెలియదు. ఆ సారి కటాఫ్ దగ్గరికి కూడా రాలేదు.

మలుపు తిప్పింది ఒక పెళ్లి. మా వీధిలో ఒక వరస తెలుగువాళ్లవి, ఎదురు వరస ఒడియావాళ్లవి. మా పిన్ని కూతురికి తన మేనమామ కొడుకుతోనే పెళ్లి చేశారు. మాకు అది మామూలు విషయం, చిన్నప్పటి నుంచే బావ అని పిలిచేది. ఎదురింటి మౌసీ నాకు చిన్నప్పుడు జడలు వేసిన మనిషి. పెళ్లి భోజనాల దగ్గర నా చెవిలో మెల్లగా అంది: "మాము పువ తొ భాయి." మేనమామ కొడుకంటే అన్న కదా అని. ఆమె కళ్లలో నిజమైన ఆశ్చర్యం కనిపించింది. ఇన్నేళ్లు ఎదురెదురుగా ఉండి ఈ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు.

ఆ రాత్రే ఎనిమిదో యూనిట్ తెరిచాను. కుటుంబం, వివాహం, బంధుత్వం. ఒక కాగితం మీద మా ఇంటి చుట్టరికాలు, పక్కన మౌసీ ఇంటివి గీశాను. మనకు అమ్మ తమ్ముడు మామ, పెళ్లయ్యాక మొగుడి తండ్రి కూడా మామే. నాన్న చెల్లెలు అత్త, మొగుడి తల్లి కూడా అత్తే. ఒడియాలో మాము వేరు, శశుర వేరు. పివుసి వేరు, శాశు వేరు. మన పిన్ని కొడుకు తమ్ముడు అవుతాడు, మామ కొడుకు బావ అవుతాడు. సమాంతర సంతతి (అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు), అడ్డ సంతతి (అన్నాచెల్లెళ్ల పిల్లలు) అని గైడులో పదిసార్లు చదివినా ఎక్కనిది, ఆ కాగితం మీద పావుగంటలో అర్థమైంది. వంశక్రమం ముఖ్యమన్న రాడ్‌క్లిఫ్ బ్రౌన్, ఇచ్చిపుచ్చుకునే సంబంధం ముఖ్యమన్న లెవీ స్ట్రాస్, దక్షిణాది బంధుత్వంలో ఆ సంబంధం తరతరాలకూ ఎలా కొనసాగుతుందో చూపిన లూయీ డూమా, ముగ్గురూ మా వీధిలో నిలబడి వాదించుకుంటున్నట్టు అనిపించింది. ఇరావతీ కర్వే 1953లో దేశాన్ని నాలుగు బంధుత్వ మండలాలుగా విడదీశారు. అందులో ఆంధ్ర దక్షిణ మండలంలో ఉంది, ఒడిశా మధ్య మండలంలో ఉంది. ఆ రెంటి మధ్య గీత సరిగ్గా మా ఇంటికీ మౌసీ ఇంటికీ నడుమ ఉన్న సిమెంటు రోడ్డు మీదుగా పోతోంది!

ఇక్కడే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కొన్నాళ్లకు ఒక మాక్ టెస్టులో ఒడిశా ఏ మండలం అని అడిగితే, మా ఇంటి ఆచారం తలుచుకుని దక్షిణ మండలం అని పెట్టాను. తప్పు. పరీక్ష అడిగేది కర్వే ఏమన్నారని, మా ఇంట్లో ఏం జరుగుతుందని అడగదు. చూసినదాన్ని పట్టుకుని భావాన్ని అర్థం చేసుకోండి, జవాబు మాత్రం రాసినవాళ్ల నిర్వచనం ప్రకారం పెట్టండి. ఈ తేడా గుర్తుపెట్టుకోకపోతే మన అనుభవమే మన మార్కులు తినేస్తుంది.

ఆ తర్వాత ప్రతి యూనిట్‌కీ మన జిల్లాల్లో ఏముందో వెతకడం మొదలుపెట్టాను. ఎఫ్.జి. బెయిలీ అనే మానవశాస్త్రజ్ఞుడు 1957లో అచ్చువేసిన 'కులం, ఆర్థిక సరిహద్దు' పుస్తకానికి అధ్యయనం చేసింది కొంధమాల్ కొండల్లోని బిసిపడా అనే ఊళ్లో. బయటి వ్యాపారం, ప్రభుత్వం ఊళ్లోకి వచ్చాక భూమి ఎలా చేతులు మారింది, సారా వ్యాపారంలో డబ్బు చేసుకున్న కులాలు భూమి కొని మర్యాద కోసం ఎలా పోటీపడ్డాయి అన్నది ఆయన చూపించారు. ఆ వ్యాపారుల్లో గంజాం నుంచి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. దీన్ని ఎం.ఎన్. శ్రీనివాస్ చెప్పిన సంస్కృతీకరణ (కింది కులాలు పై కులాల ఆచారాలు పట్టి మర్యాద పెంచుకోవడం) పక్కన పెట్టి చదివితే రెండూ ఒకదానికొకటి వెలుగునిస్తాయి. రాజ్యం, రాజకీయం, అభివృద్ధి యూనిట్‌కి నియమగిరి కొండ ఉండనే ఉంది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంది. రాయగడలో ఏడు, కలహండిలో ఐదు, మొత్తం పన్నెండు గ్రామసభలు బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. పర్యావరణం, సమాజం అన్న యూనిట్‌కీ అదే ఉదాహరణ పనికొస్తుంది. అక్కడి గిరిజనులు డొంగరియా కొంధులకు ఆ కొండ దేవుడు. అది తెలిస్తే వనరు అన్న మాటకు ఒక్క అర్థమే లేదని ఎవరూ చెప్పక్కర్లేదు.

నా వరకు అన్నిటికంటే మేలు చేసింది రెండో యూనిట్, పరిశోధనా పద్ధతులు. ఎంఏ అయ్యాక నాలుగు నెలలు ఒక ఇంటింటి సర్వేలో ఇన్వెస్టిగేటర్‌గా కొండ ఊళ్లు తిరిగాను. సెన్సస్ లెక్కలో ఇల్లు (హౌస్‌హోల్డ్) అంటే మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంటింటి భోజనం చేసేవాళ్లు. వినడానికి తేలిక. ఒక ఇంట్లోకి వెళ్తే ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు, పెద్దకోడలిది ఒకటి, చిన్నకోడలిది ఒకటి. అత్తగారు పొద్దున ఒకచోట, రాత్రి ఇంకోచోట తింటోంది. గంజాం ఊళ్లలో అయితే ఇంటి పెద్దకొడుకు సూరత్ మరమగ్గాల మీద ఉంటాడు, పండక్కి వస్తాడు, డబ్బు నెలనెలా వస్తుంది. వాడు ఈ ఇంటి మనిషేనా? నేను రాసిన లెక్క ఒకటి, వారం తర్వాత అదే ఇంటికి వెళ్లిన ఇంకో అమ్మాయి రాసిన లెక్క ఇంకొకటి. రిలయబిలిటీ అంటే ఏంటో ఆ రోజు తెలిసింది. ఇద్దరం ఒకే లెక్క రాసినా, మేం కొలిచింది నిజంగా కుటుంబాన్నేనా, పొయ్యినా అన్నది వాలిడిటీ. ఇల్లు, కుటుంబం ఒకటి కావని సోషియాలజిస్టు ఎ.ఎం. షా ఎందుకంత పట్టుబట్టారో ఆ రెండు పొయ్యిల దగ్గరే అర్థమైంది. మీకు సర్వే పని దొరికితే జీతం తక్కువని వదలకండి. శాంప్లింగ్, ప్రశ్నావళి, నామినల్ (పేరు మాత్రమే పెట్టేవి), ఆర్డినల్ (వరస చెప్పేవి) కొలతలు అన్నీ చేతికి అంటుకుంటాయి.

భాష సంగతి. నేను నోట్సు మూడు గడులుగా రాశాను. మొదటి గడిలో ఇంగ్లీషు పదం ఉచ్చారణతో సహా, రెండో గడిలో నా సొంత తెలుగు వివరణ, మూడో గడిలో నేను చూసిన ఒక సంగతి. తెలుగు గడిలో పుస్తకాల పదం పెట్టలేదు. అనోమీకి ప్రమాణరాహిత్యం అని రాసుకుంటే ఇంకో బరువు మోసినట్టే. "పాత కట్టు తెగింది, కొత్తది పడలేదు" అని రాసుకున్నాను, ఇప్పటికీ మర్చిపోలేదు. ఒడియా మీడియంలో చదివినవాళ్లు రెండో గడిలో ఒడియా రాసుకోండి, నష్టమేమీ లేదు. పరీక్షకు రెండు నెలల ముందు మాత్రం అన్నీ పక్కన పెట్టి ఇంగ్లీషు ప్రశ్నపత్రాలే చేయాలి. ప్రశ్న చదవడానికే మనకు ఎక్కువ టైమ్ పడుతుంది, అక్కడే అలవాటు కావాలి.

పేపర్ వన్ గురించి ఎక్కువ చెప్పను. పది యూనిట్లు, ఒక్కోదాని నుంచి ఐదు ప్రశ్నలు. డేటా లెక్కలు, ప్యాసేజీ రోజూ అరగంట చేస్తే చాలు. దాన్ని చిన్నచూపు చూసినవాళ్లు జేఆర్‌ఎఫ్ పోగొట్టుకోవడం నేను చూశాను.

సర్టిఫికెట్ విషయంలో మాత్రం నాలాగా చేయకండి. మొదటిసారి ఆఫీసులో ఓబీసీ సర్టిఫికెట్ అడిగితే రాష్ట్ర జాబితా ప్రకారం ఎస్‌ఈబీసీది (ఒడిశాలో వెనకబడిన వర్గాలకు ఇచ్చేది) చేతిలో పెట్టారు. నెట్‌కి కావలసింది కేంద్ర జాబితా ప్రకారం, నాన్ క్రీమీలేయర్ ఫార్మాట్‌లో ఉన్నది. తెలుసుకునేసరికి గడువు దాటింది, జనరల్ కింద అప్లై చేశాను. మన వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. కేంద్ర ఓబీసీ జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. పాతపట్నంలో ఉన్న మీ చుట్టాలకు ఉన్న గుర్తింపు, పర్లాకిమిడిలో మీకు అదే పేరుతో ఉందో లేదో ముందే చూసుకోవాలి. జేఆర్‌ఎఫ్ వయోపరిమితి 30 ఏళ్లు. ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు, కేటగిరీతో పని లేకుండా ఆడవాళ్లందరికీ ఐదేళ్ల సడలింపు ఉంది. పెళ్లయి పిల్లలు పుట్టారని పుస్తకాలు అటక ఎక్కించిన చెల్లెళ్లు ఇది గమనించండి. నాకు జేఆర్‌ఎఫ్ వచ్చినప్పుడు 31 ఏళ్లు.

2024 జూన్ 18న రాసిన పరీక్ష నాకు బాగా అయింది. మర్నాడు రాత్రి రద్దు చేశారన్న వార్త వచ్చింది. అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. వారం రోజులు పుస్తకం ముట్టలేదు. మళ్లీ పరీక్ష ఆగస్టు 21 నుంచి సెప్టెంబర్ 4 మధ్య పెట్టారు. ఈసారి కంప్యూటర్ మీద. అందులో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత వచ్చాయి, జేఆర్‌ఎఫ్ కొద్దిలో పోయింది. అర్హత వచ్చింది చాలు అనుకుని ఆగిపోదామని ఇంట్లో అన్నారు. నేను ఆగలేదు, ఎందుకంటే పరిశోధన చేయాలంటే నాకు డబ్బు కావాలి. జేఆర్‌ఎఫ్‌తో పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 వస్తుంది. మా ఇంటికి అది చిన్న విషయం కాదు.

"సోషియాలజీ చదివితే ఉద్యోగాలేవి?" అని అడిగేవాళ్లకు నాకు తెలిసినంత చెప్తాను. డిగ్రీ కాలేజీలో, యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు 2023 జూలై నుంచి నెట్ లేదా సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) కనీస అర్హత, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. సెట్ ఆ రాష్ట్రం వరకే చెల్లుతుంది, నెట్ దేశమంతా చెల్లుతుంది. సరిహద్దులో ఉన్న మనకు నెట్ మీద మనసు పెట్టడం మేలని నా అభిప్రాయం. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలి, తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఆ పరీక్ష ముందే రాసేయండి. ఆంధ్రా పోస్టులకు మనం నాన్ లోకల్ కింద పోటీపడాల్సి వస్తుంది. సివిల్స్‌లో సోషియాలజీ ఆప్షనల్ 500 మార్కులు. ఆంధ్రా గ్రూప్-2 ప్రిలిమ్స్‌లో 150కి 30 మార్కులు భారతీయ సమాజం నుంచే.

చాలామంది చూడని దారి ఒకటి ఉంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావ అంచనా చేయాలి, ఆరు నెలల్లో పూర్తి చేయాలి. ఆ నివేదికను పరిశీలించే నిపుణుల బృందంలో ప్రభుత్వంతో సంబంధం లేని ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు ఉండాలని చట్టమే చెప్తోంది. మచ్‌కుండ్, బలిమెల, అప్పర్ కొలాబ్ డ్యాముల కింద ఊళ్లు పోగొట్టుకున్న జిల్లాలు మనవి. ఇక్కడి భాషలు వచ్చి, పొయ్యికీ కుటుంబానికీ తేడా తెలిసిన మనుషులు ఆ పనిలో ఉంటే నివేదికలో పేరు జారిపోయిన ముసలమ్మకు పరిహారం దక్కుతుంది. అందుకే ఈ పనిని నేను ఉద్యోగం కంటే ఎక్కువగా చూస్తాను. 1931 తర్వాత తొలిసారి అన్ని కులాల లెక్క 2027 జనగణనలో రాబోతోంది. ఆ అంకెలను చదివి అర్థం చెప్పేవాళ్ల అవసరం చాలా ఏళ్లు ఉంటుంది. స్టాటిస్టిక్స్ అంటే భయపడి వదిలేసినవాళ్లు ఇప్పుడే పట్టుకోండి.

నేను సవర గిరిజనుల ఊళ్లలో కుటుంబం మీద పరిశోధన మొదలుపెడుతున్నాను, ముందు భాష నేర్చుకుంటున్నాను. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ పర్లాకిమిడిలోనే టీచరుగా ఉంటూ సవరల దగ్గరే సవర నేర్చుకున్నారు. దీవులవాళ్ల మధ్యే ఉండి వాళ్ల భాష నేర్చుకున్న మలినోవ్‌స్కీ పేరు చదివినప్పుడల్లా నాకు ముందు ఆయనే గుర్తొస్తారు.

ఆదివారం ఉదయం ఏడింటికి మా అరుగు మీద ఐదుగురం కూర్చుని పాత పేపర్లు చేస్తున్నాం. ఈ వారం ఎనిమిదో యూనిట్. చుట్టుపక్కల ఉన్నవాళ్లు రండి. వచ్చేటప్పుడు మీ ఇంటి చుట్టరికాల పటం ఒక కాగితం మీద గీసుకుని తెచ్చుకోండి, ఎవరిని ఏమని పిలుస్తారో పక్కన రాసి. ఎదురింటి మౌసీ కూడా వస్తానంది.