బహుళ కోర్ల క్వాంటమ్ కంప్యూటర్‌లో ఏ క్యూబిట్‌ను ఎక్కడ ఉంచాలి?

ఒకే చిప్‌పై క్యూబిట్లను (క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారాన్ని నిలిపే మూల ప్రమాణాలను) పెంచుకుంటూ పోతే నియంత్రణ తీగలు, క్యూబిట్ల మధ్య అవాంఛిత జోక్యం, తయారీ లోపాలు కూడా పెరుగుతాయి కనుక, చిన్న ప్రాసెసర్లను, అంటే కోర్లను, అనుసంధానించి ఒకే యంత్రంగా వాడాలన్న ఆలోచన బలపడుతోంది. అప్పుడు భారమంతా ప్రోగ్రామును యంత్రానికి తగ్గట్టు మార్చే కంపైలర్‌పై పడుతుంది. రెండు క్యూబిట్లపై పనిచేసే గేటు (ప్రాథమిక గణన చర్య) అమలయ్యే సమయానికి ఆ రెండూ ఒకే కోర్‌లో ఉండాలి. లేకపోతే ఒకదాని స్థితిని టెలిపోర్టేషన్ ద్వారా అవతలికి చేర్చాలి, లేదా గేటునే టెలిపోర్ట్ చేయాలి; ఏది చేసినా రెండు కోర్ల మధ్య ఎంటాంగిల్డ్ జంటను (విడిగా ఉన్నా స్థితులు ముడిపడిన రెండు క్యూబిట్లను) ముందుగా సిద్ధం చేయాలి. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2025లో ప్రచురించిన ప్రయోగంలో, సుమారు 2 మీటర్ల దూరంలోని రెండు అయాన్ ట్రాప్ (విద్యుదావేశమున్న పరమాణువులను బంధించి క్యూబిట్లుగా వాడే) మాడ్యూళ్ల మధ్య టెలిపోర్ట్ చేసిన గేటు ఫిడెలిటీ (ఆశించిన ఫలితానికి ఎంత దగ్గరగా ఉందన్న కొలత) 86 శాతం. ఒకే మాడ్యూల్ లోపలైతే అది 99 శాతాన్ని దాటగలదు. ప్రతి తరలింపునూ లెక్కపెట్టుకోవలసిందే.

క, ఖ అనే క్యూబిట్లు మొదటి కోర్‌లోనూ, గ రెండో కోర్‌లోనూ ఉన్నాయనుకుందాం. ఇప్పుడు క–గ గేటు, ఆ తర్వాత వరుసగా క–ఖ గేట్లు రావలసి ఉన్నాయి. ఈ క్షణాన్ని మాత్రమే చూస్తే క కదిలినా గ కదిలినా ఖర్చు ఒకటే. కానీ క వెళితే మళ్లీ వెనక్కి రావాలి, లేదా ఖ కూడా దాని వెంట వెళ్లాలి. మొదటి కోర్‌లో ఖాళీ లేకపోతే గ కోసం మరొకటి బయటికి పోవాలి, దాని భవిష్యత్తు ఏమిటో కూడా చూడాలి. క్యూబిట్లు పదుల సంఖ్యలోకి వెళ్లేసరికి అన్ని అవకాశాలనూ పరిశీలించడం అసాధ్యం. అందుకే సర్క్యూట్‌ను (గేట్ల వరుసను) కాలఖండాలుగా కోసి, రాబోయే గేట్లకు తగ్గుతూ పోయే బరువులిచ్చి, క్యూబిట్లను బిందువులుగా, వాటి మధ్య గేట్లను గీతలుగా చూపే గ్రాఫ్‌ను కోర్లవారీగా విభజించే పద్ధతులు వచ్చాయి.

ఆ బరువులను మనం ఊహించి పెట్టే బదులు తన చర్యలకు దక్కే ప్రతిఫలాన్ని బట్టి యంత్రాన్నే నేర్చుకోనివ్వడం రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ మార్గం. ప్రస్తుత అమరిక, మిగిలిన గేట్లు కలిసి స్థితి అవుతాయి. ఒక క్యూబిట్‌కు కోర్‌ను ఎంచుకోవడం చర్య. జరిగిన తరలింపులు ప్రతికూల ప్రతిఫలం. నిండిన కోర్‌ను ఎంచుకుంటే శిక్ష వేసి నేర్పడం కంటే, ఆ ఎంపికనే ముందుగా మాస్క్ చేయడం (ఎంచుకోవడానికి వీల్లేకుండా మూసేయడం) నాకు సమంజసంగా తోస్తుంది: తెలిసిన నియమాన్ని కనిపెట్టడానికి శిక్షణా సమయాన్ని వృథా చేయడం ఎందుకు?

అమరావతికి ఐబీఎం ప్రకటించిన 156 క్యూబిట్ల హెరాన్ ఒకే ప్రాసెసర్ కనుక, అక్కడ ఈ కోర్ల సమస్య లేదు; మ్యాపింగ్ (క్యూబిట్లకు చోటు కేటాయించడం) అంటే ప్రధానంగా రెండు క్యూబిట్ల స్థితులను ఇచ్చిపుచ్చుకునే స్వాప్ గేట్లను తగ్గించడమే.

యాదృచ్ఛిక సర్క్యూట్లపై మాత్రమే శిక్షణ పొందిన రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ మోడల్ గెలుపు నన్ను అంతగా ఒప్పించదు. అనేక క్వాంటమ్ అల్గారిథమ్‌లలో భాగమైన క్వాంటమ్ ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్‌లో ప్రతి క్యూబిట్ మిగిలిన అన్నిటితోనూ క్రమబద్ధంగా కలుస్తుంది. అటువంటి నిర్మాణం ముందు, శిక్షణలో చూడని సంఖ్యలో క్యూబిట్లతో, అన్ని కోర్ల మధ్య దూరం సమానమన్న ఊహను తీసేసి ఆ మోడల్‌ను గ్రాఫ్ విభజనతో పోల్చాలి.