కార్తీకమాసంలో ఒసాకా కొరియన్ హోటల్ భోజనం

మా అమ్మానాన్నలు తెనాలి నుంచి నవంబరులో జపాన్‌లో మా దగ్గరికి వచ్చారు. క్యోటోలో ఆకులు ఎర్రబడే రోజులు చూపించాలని ఆ నెల మేమే ఎంచుకున్నాం. అది కార్తీకమాసం కూడా. ఇద్దరూ పుట్టుకతో శాకాహారులు, గుడ్డు ముట్టరు. కార్తీకంలో అయితే ఉల్లి, వెల్లుల్లి కూడా వంటింట్లోకి రావు. ఇంట్లో వండుకున్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. కానీ ఇంత దూరం వచ్చినవాళ్లని నెలంతా ఇంటి భోజనంతోనే పంపించాలంటే నాకు మనసొప్పలేదు.

జపాన్‌లో శాకాహారికి మాంసంతో పెద్ద చిక్కు లేదు, అది కంటికి కనిపిస్తుంది. చిక్కంతా దషితోనే. ఎండబెట్టిన చేపని సన్నగా చెక్కి, ఆ తురుముని వేడినీళ్లలో వేసి తీసే రసం అది. చారులో ఉంటుంది, ఉడోన్ అనే లావుపాటి నూడుల్స్‌లో ఉంటుంది, ఉడికించిన ముల్లంగిలోనూ ఉంటుంది. క్యోటోలో బౌద్ధ గుళ్ల దగ్గర పెట్టే శాకాహార భోజనం, షోజిన్ ర్యోరి, ఒకపూట తిన్నాం. శుద్ధమైన తిండి, నాకు చాలా ఇష్టం కూడా. అమ్మకి మాత్రం నాలుక చప్పబడిపోయింది. ఇండియన్ హోటల్‌కి వెళ్దామంటే అక్కడ గ్రేవీ అంతా ఉల్లీ వెల్లుల్లే. "కాస్త కారంగా ఏదైనా ఉంటే చూడు నాన్నా" అంది అమ్మ.

కారం అనగానే నాకు తట్టింది కొరియన్ భోజనం. మేముండేది ఒసాకా పక్కనే ఫుసెలో. కింతెత్సు రైలెక్కితే రెండో స్టేషనే త్సురుహషి. అక్కడి నుంచి పావుగంట నడిస్తే ఇకునో వార్డులోని కొరియా టౌన్. మా ఆవిడకి చెబితే, "వెల్లుల్లి లేకుండా కొరియన్ వంటా?" అని నావైపు అదోలా చూసింది. ఆ మాటలో న్యాయం ఉంది. కిమ్చి అనే వాళ్ల క్యాబేజీ పచ్చడిలో వెల్లుల్లితో పాటు ఉప్పు రొయ్యలు, చేప సాస్ పడతాయి. పులుసులకి ఎండు నెత్తళ్ల రసం వాడతారు. మనం మామూలు కూరగాయే కదా అనుకునే ఆకుకూర మీద కూడా చిటికెడు వెల్లుల్లి ముద్ద వేస్తారు.

అయినా ఫోన్ చేసి అడగడంలో తప్పు లేదనిపించింది. మొదట ఒక యాకినికు హోటల్‌కి, అంటే కాల్చిన మాంసం పెట్టే చోటికి చేశాను. వాళ్లు మర్యాదగానే కష్టమన్నారు. పొయ్యి, పెనం అన్నీ మాంసానివే కాబట్టి మాట ఇవ్వలేమని చెప్పారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. తర్వాత కొరియా టౌన్ పక్క సందులో ఉన్న ఒక చిన్న హోటల్‌కి చేశాను. నాలుగు బల్లలు, ఒక కౌంటరు, ఇంటి వంట. ఇదివరకు ఆఫీసు వాళ్లతో వెళ్లి బాగా తిన్న చోటే. అక్కడ అందరూ ఒమోని (కొరియన్‌లో అమ్మ) అని పిలిచే పెద్దావిడే ఫోన్ ఎత్తింది.

"శాకాహారులం" అని చెప్పి ఊరుకుంటే ఇక్కడ సరిపోదు. చేపరసం సంగతి ఎవరికీ తట్టదు. అందుకని తినని వస్తువులన్నీ కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే చదివాను. నికు, సకానా, ఎబి, తమాగో, దషి, ఆ తర్వాత ఉల్లిపాయ, ఉల్లికాడ, నిన్నికు. సకానా అంటే చేప, ఎబి అంటే రొయ్య, తమాగో అంటే గుడ్డు. నికు అంటే మాంసం, నిన్నికు అంటే వెల్లుల్లి. ఫోన్‌లో ఈ చివరి రెండూ ఒకటిగా వినిపిస్తాయి కాబట్టి వెల్లుల్లి దగ్గర ఆగి రెండోసారి చెప్పాను. అటువైపు కాసేపు మాట లేదు. "మీ అమ్మగారికి ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది. బాగానే ఉన్నారు, మా వాళ్లకి ఇది దేవుడి నెల, నియమం ఉంది అన్నాను. వెంటనే గొంతు మారిపోయింది. "ఓ, అయితే జెసా నముల్ లాగా చేయాలన్నమాట. అది నాకు చేతనైన పనే" అంది.

జెసా అంటే కొరియన్లు పెద్దలకి పెట్టే కార్యం. పోయినవాళ్ల తిథికి ఇంట్లో బల్ల వేసి, వండినవన్నీ వరసగా పేర్చి, దండం పెట్టుకుంటారు. ఆ వంటలో వెల్లుల్లి, ఎర్ర మిరపపొడి వేయరు. వాటి ఘాటుకి పితృదేవతలు దగ్గరికి రారని నమ్మకం. నముల్ అంటే ఆకుకూరలు, మొలకలు, వేళ్లు ఉడికించి తాలింపు లేకుండా కలిపే కూర. జెసాకి తెల్లనిది, గోధుమరంగుది, పచ్చనిది అని మూడు రంగుల్లో పెడతారు. ఇదంతా ఆ రాత్రి అమ్మకి చెబితే, "అయితే మన తద్దినం వంటలాంటిదేగా" అని తేలిగ్గా తీసుకుంది. నిజమే, మా ఇంట్లోనూ తద్దినానికి ఉల్లి, వెల్లుల్లి ఉండవు, మిరపకాయ బదులు మిరియాలే. అప్పటిదాకా నాకున్న టెన్షన్ ఆ ఒక్క మాటతో సగం తగ్గింది.

శనాదివారాలు కొరియా టౌన్‌లో కాలు పెట్టే చోటుండదు. వీధి అంతా కలిపి అర కిలోమీటరు, కుర్రకారు మొత్తం అక్కడే ఉంటుంది. అందుకని వారం మధ్యలో ఒక రోజున, సాయంత్రం తలుపులు తీసే వేళకి టేబుల్ చెప్పాను. ఒమోనియే ఆ వేళ కావాలంది. మొదటి వంట మనదైతే గిన్నెలు, పెనం శుభ్రంగా ఉంటాయట.

త్సురుహషిలో రైలు దిగగానే కాల్చిన మాంసం వాసన ప్లాట్‌ఫారం మీదకే వస్తుంది. 2001లో జపాన్ పర్యావరణ శాఖ దేశంలోని వంద సువాసనలు ఎంపిక చేసినప్పుడు ఈ స్టేషన్ పరిసరాలని కూడా ఆ జాబితాలో చేర్చింది. అమ్మకి అది సువాసన కాదుగా, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. యాకినికు సందుల్లోకి వెళ్లకుండా పెద్దరోడ్డు మీదుగా తీసుకెళ్లాను. నాన్న మాత్రం ప్రతి దుకాణం ముందూ ఆగి, ఇంతమంది కొరియన్లు ఇక్కడికి ఎప్పుడొచ్చారు, ఎందుకొచ్చారు అని అడుగుతూనే ఉన్నారు. కొరియా జపాన్ పాలనలో ఉన్న రోజుల్లో, 1920ల్లో, జెజు ద్వీపం నుంచి ఒసాకాకి నేరుగా ఓడ నడిచేది. దాని పేరు కిమిగయో మారు. రబ్బరు ఫ్యాక్టరీల్లో, చిన్న చిన్న కార్ఖానాల్లో కూలికి వచ్చినవాళ్లు ఈ చుట్టుపక్కలే స్థిరపడ్డారు. ఈ ప్రాంతాన్ని అప్పట్లో ఇకైనో అనేవాళ్లు. 1973లో ఆ పేరు చిరునామాల్లోంచి తీసేశారు. ఇదంతా చెబుతుంటే నాన్న, "పొట్ట చేతబట్టుకుని వచ్చిన ఊరన్నమాట" అన్నారు.

ఒమోని తల్లిదండ్రులదీ జెజునే. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఇకునోలో, మాట్లాడేది చక్కటి ఒసాకా యాస. గుమ్మంలోనే అమ్మ నడక చూసి, "మోకాళ్లా?" అని అడిగి, చాప మీద కాకుండా కాళ్లు కిందికి వేలాడేసుకునే గుంట ఉన్న బల్ల దగ్గర కూర్చోబెట్టింది. వేడి తడి తువ్వాళ్లు, మొక్కజొన్న టీ వచ్చాయి. నేను రాసుకెళ్లిన కాగితం ఇచ్చాను. దాన్ని వంటింటి తలుపుకి అంటించి, గోచుజాంగ్ డబ్బా తెచ్చి కళ్లజోడు పెట్టుకుని వెనకున్న చిన్న అక్షరాలు చదివింది. మిరపపొడి, బియ్యం, సోయా పులియబెట్టి చేసే ముద్ద అది, పాతకాలపు పద్ధతిలో వెల్లుల్లి ఉండదు. ఈ డబ్బాలో మాత్రం వెల్లుల్లి, ఉల్లి రెండూ ఉన్నాయి. "ఇది వద్దు" అని డబ్బా తీసుకెళ్లి లోపల పెట్టేసింది. నేను అడగకుండానే ఆవిడ ఆ లేబుల్ చదవడం చూశాక అమ్మ నిశ్చింతగా వెనక్కి వాలి కూర్చుంది.

కౌంటరు ఎదురుగా వంట కనిపిస్తుంది కాబట్టి అమ్మ చూపంతా అటే. ఉడికించిన పాలకూరని రెండు చేతుల మధ్య గట్టిగా పిండి, గిన్నెలో విదిల్చి, ఉప్పు, కాస్త సోయా సాస్, నువ్వుల నూనె వేసింది. వేయించిన నువ్వులని వేళ్ల మధ్య నలుపుతూ పైనుంచి రాల్చింది. గరిటె లేదు. వట్టి చేత్తోనే, వేళ్లు విడదీసి, ఆకు నలగకుండా కింది నుంచి పైకి తిరగేస్తూ కలిపింది. అదే చేతితో చిన్న ముద్ద తీసి అమ్మ అరచేతిలో పెట్టింది. అమ్మ తిని, "నువ్వులు వేయించి ఆడించిన నూనె" అంది. నేను అది జపనీస్‌లో చెబితే ఒమోని చాలా సంతోషించింది. మన గానుగ నూనె పచ్చి నువ్వులది, దీనికి రంగూ వాసనా రెండూ ఎక్కువ.

ముందు బంగాళాదుంప అట్టు వచ్చింది. పచ్చి దుంప తురిమి, దాని గంజి దాంట్లోనే కలిపి, ఉప్పు వేసి పోసిన అట్టు. పిండి లేదు, గుడ్డు లేదు. అంచులు కరకర, మధ్యలో జిగురు. మాంసం తగలని పెనం మీద పోశానని తెచ్చి చూపించి మరీ చెప్పింది. తర్వాత ఎండు పుట్టగొడుగులు, సముద్రపు పాచి వేసి మరిగించిన నీళ్లలో సోయా మొలకల చారు. నాన్న రెండు గిన్నెలు తాగారు.

అసలు వంటకం రాతిగిన్నె బిబింబాప్. నల్లటి రాతిగిన్నె పొయ్యి మీదే కాలి, అడుగున నువ్వుల నూనె, పైన అన్నం, ఆ పైన పాలకూర, మొలకలు, ముల్లంగి, క్యారెట్, గోసరి. గోసరి అడవుల్లో దొరికే ఒక రకం ఫెర్న్ కాడ. ఉడికించి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి వండుతారు. గోచుజాంగ్ బదులు సోయా సాస్‌లో మిరపపొడి కలిపి చిన్న గిన్నెలో ఇచ్చింది. "జెసాకి కారం ఉండదు, మీ అమ్మగారికి కావాలన్నావు కదా" అని మిరపపొడి సీసా కూడా బల్ల మీదే పెట్టింది. కొరియా మిరపపొడికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. అమ్మ చెంచాల కొద్దీ వేసుకుంటుంటే పక్క బల్ల వాళ్లు తిరిగి చూశారు. గిన్నె అంచుకి చెయ్యి తగలకూడదు, కలిపాక అన్నాన్ని గోడలకి అదిమి కాసేపు వదిలేయాలి అని ఒమోని దగ్గరుండి చూపించింది. చివర్లో అడుగు గీకితే వచ్చే ఎర్రటి మాడు మా చిన్నప్పటి ఇత్తడిగిన్నె అత్తెసరు మాడులాగే ఉంది. నాన్న గిన్నెలోది కూడా అమ్మే గీకి తినేసింది.

తింటున్నప్పుడు మాటల్లో ఇంకో సంగతి తెలిసింది. కొరియా బౌద్ధ దేవాలయాల వంటలో అయిదు ఘాటు వస్తువులు నిషిద్ధం. వెల్లుల్లి, ఉల్లికాడ లాంటి వాటితో పాటు ఇంగువ కూడా ఆ జాబితాలో ఉంది. అమ్మ నమ్మలేదు. "ఇంగువ లేకుండా నియమం వంట ఎలా చేస్తారు, రుచెలా వస్తుంది?" అని నన్నే నిలదీసింది. నేను అనువదించి చెప్పాను. ఒమోని ఇంగువ ఎప్పుడూ చూడలేదట. ఈసారి తెస్తానని అమ్మ మాటిచ్చింది. వాళ్ల నాన్నగారి జెసా ఇప్పటికీ పాత చాంద్రమానం తిథికే చేస్తారని, ఏటా ఇంగ్లీషు తారీఖు మారిపోతే పిల్లలకి గుర్తుండటం లేదని ఆవిడ చెబితే, అమ్మ పంచాంగం సంగతి ఎత్తుకుంది. ఇద్దరి మధ్యా నేను అనువాదం చేస్తూ నా అన్నం చల్లార్చుకున్నాను.

బిల్లు కౌంటరు దగ్గర నగదుగా కట్టాను. తలకి రెండువేల యెన్ దాటలేదు. విడిగా చేసినందుకు ఇంకొంచెం తీసుకోమంటే ఒప్పుకోలేదు. ఇక్కడ టిప్ ఇచ్చే అలవాటు ఎటూ లేదు.

జపాన్‌లో మనవాళ్లకి నా సలహా ఒకటే. నియమం ఉన్న పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు ముందే ఫోన్ చేయండి, తినని వస్తువులు పేరుపేరునా చెప్పండి, కొరియన్ హోటలయితే జెసా వంటలాగా అని అడిగి చూడండి. యాకినికు కాకుండా ఇంటి వంట పెట్టే చిన్న చోటయితే మేలు. అన్ని చోట్లా కుదురుతుందని నేను అనను. కుదరనివాళ్లు ఫోన్‌లోనే చెప్పేస్తారు, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి రావాల్సిన పని ఉండదు.

వచ్చేస్తుంటే ఒమోని గుమ్మం దాకా వచ్చి, మళ్లీ వచ్చేటప్పుడు ముందు రోజే ఫోన్ చేయమంది. గోసరి రాత్రంతా నానాలట. అమ్మానాన్నల తిరుగు ప్రయాణం డిసెంబరులో కాబట్టి పోలి పాడ్యమి దాటాక ఇంకోసారి టేబుల్ చెప్పాను. ఈసారి వెల్లుల్లి వేయొచ్చని ఒమోనికి మర్చిపోకుండా చెప్పమని నాన్న రెండుసార్లు గుర్తుచేశారు.