పీజీ మెడికల్ సీట్ల రిజర్వేషన్ మీద కోర్టుకెళ్లే ముందు

2025 జనవరి 29న తన్వీ బెహల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు రాగానే మన పీజీ గ్రూపుల్లో ఒకటే హడావుడి: ‘ఇక లోకల్ కోటా ఎత్తేసినట్టే’ అని. కాదు. తీర్పు చదివినవాళ్లెవరూ ఆ మాట అనరు. ఆ కేసు తేల్చింది ఒక రకం కోటా గురించి, మన తెలుగు రాష్ట్రాల్లో నడిచేది ఇంకో రకం. పీజీ సీట్ల మీద హైకోర్టులో పడే రిట్ పిటిషన్లలో చాలావాటికి మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది: తనకు సంబంధం లేని తీర్పును పట్టుకుని వెళ్లడం.

ముందు చండీగఢ్ సంగతి. అక్కడి సెక్టార్ 32 ప్రభుత్వ వైద్య కళాశాలలో రాష్ట్ర కోటా కింద 64 పీజీ సీట్లున్నాయి. అందులో 32 అదే కాలేజీలో ఎంబీబీఎస్ చేసినవాళ్లకి, మిగతా 32 చండీగఢ్ నివాసులకి అని పెట్టారు. నివాసం అంటే కొన్నేళ్లు అక్కడ ఉండటం, లేదా తల్లిదండ్రులు ఉండటం, ఆస్తి ఉండటం లాంటివి. ఈ రెండో ముక్కను పంజాబ్, హర్యానా హైకోర్టు 2019లోనే కొట్టేసింది. ముగ్గురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. పీజీలో నివాసం చూసి సీటు ఇవ్వడం సమానత్వ హక్కునిచ్చే 14వ అధికరణానికి విరుద్ధమంది. చదివిన సంస్థను చూసి ఇచ్చే ప్రాధాన్యం మాత్రం పరిమితిలో ఉంటే చెల్లుతుందంది. అప్పటికే సీట్లు పొందినవాళ్ల జోలికి వెళ్లలేదు.

ఇదేమీ కొత్త సూత్రం కాదు. 1984లో ప్రదీప్ జైన్ కేసులో జస్టిస్ భగవతి రాసిందే. ఎంబీబీఎస్‌లో స్థానిక, సంస్థాగత రిజర్వేషన్లు కలిపి 70 శాతం దాటకూడదు, పీజీలో నివాస కోటా అసలే వద్దు, కావాలంటే సంస్థాగత ప్రాధాన్యం 50 శాతం దాకా ఇచ్చుకోవచ్చు అన్నారు. న్యూరోసర్జరీ, కార్డియాలజీ లాంటి సూపర్ స్పెషాలిటీల్లో అదీ వద్దన్నారు. దేశమంతటి అభ్యర్థులకూ తెరిచే అఖిల భారత కోటా ఈ తీర్పు నుంచి, దాని కొనసాగింపుగా వచ్చిన దినేశ్ కుమార్ తీర్పుల నుంచి పుట్టింది. మొదట్లో పీజీలో 25 శాతం, 2003లో సౌరభ్ చౌదరి తీర్పుతో 50 శాతం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ప్రదీప్ జైన్ తీర్పు వచ్చిన ఏడాదే సుప్రీంకోర్టు ఒక వివరణ ఇచ్చింది: ఆంధ్రప్రదేశ్‌కీ, జమ్మూకశ్మీర్‌కీ ఇది వర్తించదు, వాటికి ప్రత్యేక రాజ్యాంగ నిబంధనలున్నాయి కాబట్టి. మనకున్నది స్థానికులకు చదువుల్లో, ఉద్యోగాల్లో వాటా కోసం పెట్టిన 371-డి అధికరణం. దాని కింద వచ్చిన 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులకి, 15 శాతం అన్‌రిజర్వుడ్. ఆంధ్రా, ఉస్మానియా, శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీల పరిధులే అప్పటి మూడు లోకల్ ఏరియాలు. ఇందుకే చాలా ఏళ్లు మనం అఖిల భారత కోటాలో చేరలేదు, దాన్ని సవాలు చేసినా నిలవలేదు. డీఎం, ఎంసీహెచ్ అనే సూపర్ స్పెషాలిటీ సీట్లలో కూడా స్థానికత ఏమిటని వేసిన కేసును 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. మనసొప్పకపోయినా కొట్టేసిందని తీర్పు చదివితే తెలిసిపోతుంది. 371-డి ఉండగా మా చేతులు కట్టేసి ఉన్నాయన్నట్టే రాశారు.

అందుకే తన్వీ బెహల్ తీర్పు కాపీ ఒక్కటీ జతచేసి 85 శాతాన్ని కొట్టేయమంటే మొదటి వాయిదాలోనే ‘371-డి సంగతేమిటి?’ అని అడుగుతారు. చండీగఢ్‌కు అలాంటి అధికరణం లేదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. రాష్ట్రపతి ఉత్తర్వులో స్థానికుడంటే ‘అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే వరుస నాలుగు విద్యాసంవత్సరాలు’ ఆ లోకల్ ఏరియాలో చదివినవాడు. ఎంబీబీఎస్‌లో చేరడానికి అర్హత పరీక్ష ఇంటర్. పీజీకి అర్హత పరీక్ష ఎంబీబీఎస్. అంటే పీజీ దగ్గరికి వచ్చేసరికి మీరు పదో తరగతి కరీంనగర్‌లో చదివారా, మీ తాత సిద్దిపేటవాడా అన్నది లెక్కలోకి రాదు. ఎంబీబీఎస్ ఎక్కడ చేశారన్నదే లెక్క. వరంగల్ అమ్మాయి మంచి ర్యాంకుతో అఖిల భారత కోటాలో పుణెలో ఎంబీబీఎస్ చేసి తిరిగొస్తే నాన్‌లోకల్. లక్నో కుర్రాడు అదే కోటాలో హైదరాబాద్ గాంధీ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చేస్తే లోకల్. మెరుగైన ర్యాంకు తెచ్చుకున్నందుకు శిక్ష పడ్డట్టే ఉంటుంది. దీనిమీద మండిపడే తల్లిదండ్రుల కోపం న్యాయమైనదే. కానీ కోర్టు భాషలో చూస్తే ఇది నివాస కోటా కాదు, చదువు చోటును బట్టి ఇచ్చే ప్రాధాన్యం, దాదాపు సంస్థాగత ప్రాధాన్యం లాంటిదే. ప్రదీప్ జైన్ అనుమతించినది కూడా అదే రకం.

రాష్ట్ర పునర్విభజన చట్టం 95వ సెక్షన్ పాత ప్రవేశ కోటాలను పదేళ్లు కొనసాగించమంది. 2024 జూన్ 2తో ఆ గడువు తీరింది. ఆ తర్వాత తెలంగాణ తన పీజీ నిబంధనల్ని 2024 అక్టోబరులో సవరించింది: రాష్ట్రంలో ఎంబీబీఎస్ చేసినవాళ్లే లోకల్. బయట ఎంబీబీఎస్ చేసిన తెలంగాణ వాళ్లు హైకోర్టుకెళ్లారు. డిసెంబరులో డివిజన్ బెంచ్ ఆ నిబంధనను కొట్టేయలేదు, తెలంగాణ శాశ్వత నివాసులకు అది వర్తించకుండా కుదించి చదవాలంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కొద్ది వారాలకే తన్వీ బెహల్ తీర్పు వచ్చింది. చూడండి ఇరకాటం: ‘మేం ఇక్కడి నివాసులం’ అన్నదే పిటిషనర్ల బలం, పీజీలో నివాసం ఆధారం కాకూడదని సుప్రీంకోర్టు మాట. ఎంబీబీఎస్ ప్రవేశాల్లో ఇలాంటి కుదింపునే హైకోర్టు చేస్తే, 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు దాన్ని పక్కనపెట్టి నాలుగేళ్ల చదువు నిబంధనను నిలబెట్టింది. ఉద్యోగరీత్యా బయట ఉండాల్సి వచ్చిన ప్రభుత్వోద్యోగుల పిల్లలు లాంటివాళ్లకు ఇచ్చిన మినహాయింపులు మాత్రం ఉంచింది. కాబట్టి బయట ఎంబీబీఎస్ చేసి ఇక్కడ లోకల్‌గా పీజీ అడిగేవాళ్లు నివాస వాదనకన్నా, తాము బయటికి వెళ్లింది అఖిల భారత కోటా అనే ప్రభుత్వ పథకం వల్లే అన్న వాదన మీద బరువు పెట్టడం మేలు.

సామాజిక రిజర్వేషన్ల మీద కేసులు పీజీలో చాలావరకు ముగిసిన కథ. అఖిల భారత కోటాలో 27 శాతం ఓబీసీ, 10 శాతం ఈడబ్ల్యూఎస్ 2021 జులై 29 నోటీసుతో వచ్చాయి. కౌన్సెలింగ్ ఆగింది, డిసెంబరులో ఢిల్లీ రెసిడెంట్ డాక్టర్లు రోడ్డెక్కారు, 2022 జనవరి 7న సుప్రీంకోర్టు దారి తెరిచింది. ‘ఆట మొదలయ్యాక నిబంధన మార్చారు’ అన్న వాదన అక్కడ నిలవలేదు. రిజర్వేషన్ వివరాలు కౌన్సెలింగ్ బులెటిన్‌లో చెబుతామని ముందే చెప్పారు, కౌన్సెలింగ్ ఇంకా మొదలే కాలేదు కదా అంది కోర్టు. ఇక్కడ మనవాళ్లు నష్టపోయేది వాదనలో కాదు, కాగితంలో. అఖిల భారత కోటా కౌన్సెలింగ్ నడిపే మెడికల్ కౌన్సెలింగ్ కమిటీకి (ఎంసీసీ) కావాల్సింది కేంద్ర జాబితా ప్రకారం, కేంద్ర నమూనాలో, నాన్ క్రీమీ లేయర్ ఓబీసీ సర్టిఫికెట్. మీసేవలో తీసుకున్న రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు కూడా. ఈ పొరపాటుతో వేసిన రిట్లకు ఊరట దొరకడం చాలా కష్టం.

ఓపెన్ మెరిట్ వచ్చిన రిజర్వుడ్ అభ్యర్థి విషయం మాత్రం ఇప్పటికీ లెక్క తప్పేదే. ఒక బీసీ-బీ అభ్యర్థికి ఓపెన్‌లో జిల్లా కాలేజీలో జనరల్ మెడిసిన్ వస్తుంది, బీసీ-బీలో అయితే ఉస్మానియాలో వస్తుంది. ఆమె ఉస్మానియా తీసుకుంటుంది. 1996 రితేశ్ షా తీర్పు ప్రకారం లెక్కలో ఆమె ఓపెన్ అభ్యర్థే, బీసీ-బీ కోటాలో ఒకటి తగ్గించకూడదు. ఆమె వదిలిన ఓపెన్ సీటు అదే వర్గానికి వెళ్లాలని ఉమ్మడి రాష్ట్రంలో 2001 నాటి జీవో 550 చెప్పింది. ఆ జీవో కోర్టుల్లో బాగానే నలిగింది. మీ కేసు ఇదైతే మాటలు అక్కర్లేదు, రౌండువారీ అలాట్‌మెంట్ జాబితా తీసి ఏ సీటు ఏ కేటగిరీ నుంచి ఏ కేటగిరీకి జారిందో ఒక్క పేజీ పట్టిక వేయండి. జడ్జి చూసేది ఆ పేజీనే.

ప్రభుత్వ సర్వీసులో ఉన్న డాక్టర్లకిచ్చే సర్వీస్ కోటా సంగతి క్లుప్తంగా. 2016 తీర్పు పీజీ డిగ్రీలో ఆ కోటా కుదరదనీ, మారుమూల సేవకు మార్కుల వెయిటేజీ మాత్రమే ఇవ్వొచ్చనీ అంటే, 2020 ఆగస్టు 31న ఐదుగురు జడ్జీలు రాష్ట్రాలకు ఆ అధికారం ఉందన్నారు. శాతం ఎంతన్నది ప్రభుత్వ విధానం. అందుకే ఆంధ్రప్రదేశ్ పీహెచ్‌సీ డాక్టర్లు శాతం తగ్గించినప్పుడు 2024లో ఆందోళనకు దిగారు. అది కోర్టులో కన్నా రోడ్డు మీదే తేలే తగాదా.

ఇక పిటిషన్. 226 అధికరణం కింద హైకోర్టులో రిట్. నిబంధన చెల్లుబాటునే సవాలు చేస్తే డివిజన్ బెంచ్ ముందుకు వెళ్తుంది. వైద్యారోగ్య శాఖ, హెల్త్ యూనివర్సిటీ, జాతీయ వైద్య కమిషన్, అఖిల భారత కోటా అయితే ఎంసీసీ ప్రతివాదులు. మీరు గెలిస్తే సీటు పోగొట్టుకునే అభ్యర్థిని చేర్చకపోవడం పెద్ద లోపం, ఆ ఒక్క కారణంతో పిటిషన్ పోవచ్చు. జతచేయాల్సినవి: నోటిఫికేషన్, సవాలు చేస్తున్న నిబంధన ఉన్న జీవో, నీట్ స్కోర్‌కార్డు, ఎంబీబీఎస్ స్టడీ సర్టిఫికెట్లు, ప్రొవిజనల్ మెరిట్ లిస్టులో మీ పేజీ, అభ్యంతరం పంపిన మెయిల్. ఆ మెయిల్ లేకుండా వెళ్లకండి. అభ్యంతరాల గడువులో నోరు మెదపకుండా ఆప్షన్లు పెట్టుకుని, సీటు రాకపోయాక వచ్చారంటే, ప్రక్రియను ఒప్పుకుని పాల్గొన్నారు కదా అంటారు.

కోరికలో ‘కౌన్సెలింగ్ ఆపండి’ అని రాస్తే దాదాపు రాదు. ‘తుది తీర్పుకు లోబడి లోకల్‌గా వెబ్ ఆప్షన్లు ఇవ్వనివ్వండి’ లేదా ‘ఒక సీటు ఖాళీగా ఉంచండి’ అని అడిగితే వచ్చే అవకాశముంది. అడిగేముందు లెక్క చూసుకోండి: గెలిచినా మీ ర్యాంకుకు ఆ బ్రాంచి వస్తుందా? రాదంటే కేసు గెలిచీ లాభం లేదు. మధ్యంతర ఉత్తర్వు చేతిలో ఉండగా అఖిల భారత కోటా రెండో రౌండులోనో ఆ తర్వాతో సీటులో చేరారో, రాష్ట్ర కౌన్సెలింగ్‌కు అనర్హులవుతారు. సీట్లు మిగిలాయన్నది కూడా కారణం కాదు. నీట్ పీజీ 2021లో 1,456 సీట్లు ఖాళీగా ఉన్నా 2022 జూన్‌లో ఇంకో రౌండుకు సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

గడువు దాటాక ఏం మిగులుతుంది? ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కృష్ణ శ్రద్ధ కేసులో 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు, అభ్యర్థి తప్పు లేకుండా, ఆలస్యం చేయకుండా కోర్టుకొస్తే, అరుదైన సందర్భాల్లో గడువు తర్వాత నెలలోపు సీటు ఇప్పించవచ్చంది, లేదా వచ్చే ఏడాది సీటు, దాంతోపాటు పరిహారం. కానీ ఇది ఎంబీబీఎస్‌కే, పీజీ గురించి మేం చెప్పడం లేదని అందులోనే రాసింది. ఆ ఖాళీని నింపింది తెలంగాణ కేసే. 2020లో ఎంఎస్ జనరల్ సర్జరీ సీటు అలాట్ అయిన అమ్మాయిని ఒక ప్రైవేటు కాలేజీ చేర్చుకోకుండా తక్కువ ర్యాంకు వాళ్లకు ఇచ్చింది. అదనపు సీటు సృష్టించమన్న హైకోర్టు ఆదేశాన్ని సుప్రీంకోర్టు పక్కనపెట్టి, వచ్చే ఏడాది అదే కాలేజీ మేనేజ్‌మెంట్ కోటా నుంచి ఒక సీటు ఇవ్వమంది, కాలేజీ 10 లక్షలు కట్టాలంది. ఆమె గెలవడానికి కారణం చివరి రెండు రోజుల్లోనూ కాలేజీకి వెళ్లినట్టు చూపగలగడం, వెంటనే కోర్టుకు రావడం. కాబట్టి గేటు దగ్గర తిప్పిపంపినా ప్రిన్సిపల్‌కు, యూనివర్సిటీకి అదే రోజు, తేదీతో, టైముతో మెయిల్ కొట్టండి.