ప్లిమత్‌లో థాంక్స్‌గివింగ్: వేషాలు, వంటలు, ఒకే ఒక్క ఓవెన్

న్యూజెర్సీ ఎడిసన్ నుంచి మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌కు 250 మైళ్లకు పైమాటే. మామూలు రోజుల్లో నాలుగున్నర గంటలు చాలు. థాంక్స్‌గివింగ్ ముందురోజు బుధవారం మధ్యాహ్నం బయల్దేరితే మాత్రం కనెటికట్‌లోనే పొద్దుగూకుతుంది. అందుకే తెల్లవారకముందే బండి తీశాం. ప్రావిడెన్స్ దాకా ఐ-95 హైవే, అక్కణ్ణుంచి 195. వేర్‌హామ్ చుట్టుపక్కలంతా క్రాన్‌బెర్రీ మడులే. అప్పటికి కోతలు అయిపోతాయి కాబట్టి నీళ్లమీద తేలే పళ్లు కనబడవు; తీగలు మాత్రం మడి నిండా ముదురెరుపు తిరిగి ఉంటాయి.

వదిన వాళ్లింట్లో ఈసారి నియమం ఒకటే: అందరూ 1620లో ఇంగ్లండ్ నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ పిల్‌గ్రిమ్‌ల కాలపు వేషం కట్టాలి, ఇంటికో వంటకం తేవాలి. నల్లకోటు, టోపీకి బకిల్ అనేవి తర్వాతి కాలపు బొమ్మల్లోంచి వచ్చినవి. ఆ తరం వాళ్లు పోయాక రాసిన ఆస్తి జాబితాల్లో ఎరుపు, నీలం, ఆకుపచ్చ, ఊదా బట్టలున్నాయి. ఆడవాళ్లకు కాళ్లదాకా పావడా, బిగుతు జాకెట్టు, ఏప్రన్, తలకు తెల్లటి నార (లినెన్) కుళ్లాయి. మగవాళ్లకు మోకాళ్ల దాకా లాగు, పొడవాటి మేజోళ్లు, వెడల్పు కాలరు. నూలుగానీ ఉన్నిగానీ వాడాలి. పాలిస్టర్ వేషానికి పొయ్యి మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. గురువారం పొద్దున ఊళ్లో 1921 నుంచి సాగుతున్న వేషాల ఊరేగింపు చూడాలంటే లోపల థర్మల్స్ తప్పవు. పిల్లలకు ఈకల తలపాగాలు పెట్టలేదు. వాంపనోగ్‌లు, ఇతర మూలవాసులు 1970 నుంచి అదే రోజున అక్కడి కోల్స్ హిల్ మీద సంతాపదినం పాటిస్తున్నారు. వాళ్ల గడ్డమీద వాళ్ల వేషం కట్టడం తప్పు.

తలా ఒకటి తేవడం, థాంక్స్‌గివింగ్‌కు మూలమని చెప్పుకునే 1621 విందులోనూ ఉంది. వాంపనోగ్ నాయకుడు మాససోయిట్ వెంట వచ్చిన 90 మంది అయిదు జింకలను వేటాడి తెచ్చారని పిల్‌గ్రిమ్‌లలో ఒకడైన ఎడ్వర్డ్ విన్‌స్లో ఉత్తరం చెబుతుంది. ఇప్పటి చిక్కల్లా ఓవెన్‌తోనే. 16 పౌన్ల టర్కీ కోడికి ఫ్రిజ్‌లో మంచు వదలడానికే నాలుగు రోజులు కావాలి, అంటే శనివారమే ఫ్రీజర్‌లోంచి దించాలి. ప్రతి అయిదు పౌన్లకు ఒక టేబుల్‌స్పూను కోషర్ ఉప్పు ముందురోజే పట్టించాలి. ఉప్పునీళ్లు ఎక్కించిన కోడని లేబుల్ మీద ఉంటే ఈ పని మానేయాలి. 325 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర దాదాపు నాలుగు గంటలు. థర్మామీటరు తొడ మందంలో, ఎముకకు తగలకుండా గుచ్చాలి. ఎముకకు తగిలితే లెక్క తప్పుతుంది. 165 చూపించాక బయటికి తీసి అరగంట కదపకూడదు. వెంటనే కోస్తే రసమంతా పళ్లెంలోకి కారి మాంసం పిడచగడుతుంది. మిగతా ట్రేలు వేడిచేసుకోవడానికి దొరికేది ఆ అరగంటే. స్టఫింగ్‌ను (మసాలా కలిపిన రొట్టెముక్కలు) కోడిలో కూరకుండా కూరగాయల రసంతో విడిగా ట్రేలో చేస్తే శాకాహారులూ తింటారు. అందులో మాంసం గరిట పడకుండా చూడాలి.

అందుకే దూరం నుంచి వెళ్లేవాళ్లు ఓవెన్ అక్కర్లేనిది తీసుకెళ్లడం మర్యాద. మేం క్రాన్‌బెర్రీ పులిహోర గుజ్జు సీసాలో పట్టుకెళ్లాం. నాలుగు కప్పుల బియ్యానికి 12 ఔన్సుల పళ్ల సంచి ఒకటి. పోపు వేగాక పళ్లు వేసి వెంటనే మూత పెట్టాలి, అవి టపటపా పేలి నూనె చిమ్ముతాయి. పసుపు, ఉప్పు, వగరు విరగడానికి చిన్న బెల్లంముక్క. గరిటెతో మెదుపుతూ నూనె పైకి తేలేదాకా మగ్గించాలి. తడి మిగిలితే అన్నం ముద్దవుతుంది. అన్నం అక్కడే రైస్‌కుక్కర్లో వండి, పళ్లెంలో ఆరబోసి కలిపాం. పల్లీలు వడ్డించే ముందు వేస్తేనే కరకరలాడతాయి.

ఓవెన్‌లోంచి తీసిన రెండు గంటల్లోపే మిగిలిన మాంసం ఎముకల నుంచి ఒలిచి, లోతు తక్కువ డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టేయాలి. తిరుగు ప్రయాణానికి ఆదివారం వద్దు, శనివారం పొద్దున్నే మేలు. ఎముకలు ఐస్‌పెట్టెలో వేసుకొస్తే మిరియాల చారుకు పనికొస్తాయి.