బ్రూమ్ పొదా, గార్డెన్ సెంటర్ కౌంటరూ: నా అనుభవం

ఇంగ్లండులో బ్రూమ్ అనే పూల పొద పెంచాలనుకునే మనవాళ్ళ కోసం, కోపం చల్లారకముందే రాస్తున్నా. మాది సర్రీలో కాంబర్లీ దగ్గర. స్థలం చూసుకోవడం తేలికే. రోజంతా ఎండ తగలాలి, నీరు నిలవకూడదు, నేల ఇసుకగా కాస్త ఆమ్ల గుణంతో ఉండాలి. మా దగ్గర నేలే అంత. సున్నపు నేల ఉన్నవాళ్ళు పసుపు పూల స్కాచ్ బ్రూమ్ జోలికి పోకండి, ఆకులు పాలిపోతాయి.

అసలు తంటా మొక్క కొనడంలో ఉంది. శరదృతువులో ఒక గార్డెన్ సెంటర్‌లో నడుమెత్తు మొక్క తెచ్చాం. చలికాలం నైరుతి గాలికి అది ఊగి ఊగి, కాండం మొదట్లో మట్టిలో గరాటు లాంటి గుంట పడింది. అందులో నీరు చేరి గడ్డకట్టింది. వసంతం వచ్చేసరికి మొక్క ఎండిపోయింది. లాగితే చేతికి వచ్చేసింది. వేళ్ళు కుండీ ఆకారంలోనే చుట్టలు చుట్టుకుని ఉన్నాయి, ఒక్కటంటే ఒక్క వేరూ బయటి ఇసుకలోకి పాకలేదు. కుండీలో ఎక్కువ కాలం మగ్గిన మొక్క అన్నమాట. మామూలు మొక్కైతే నాటేటప్పుడు ఆ చుట్టలు విప్పొచ్చు. బ్రూమ్ వేళ్ళు కదిలిస్తే ఓర్చుకోదు. విప్పితే చస్తుంది, విప్పకపోతే ఊగి చస్తుంది.

మొక్కనూ రసీదునూ పట్టుకుని కౌంటర్‌కి వెళితే, "నీళ్ళు ఎక్కువ పోసుంటారు" అన్నారు. వేళ్ళు చూపించబోతే మట్టి రాలుతుందని సంచి మూసేయమన్నారు. పైగా, "మీ దేశంలో ఇవి ఉండవు కదా, అలవాటు లేక" అని వెనక క్యూ అంతా వినేలా ఒక సన్నాయి నొక్కు. ఉండవా? దొరల కాలంలో తెచ్చిన ఈ స్కాచ్ బ్రూమే నీలగిరుల్లో గడ్డి మైదానాలను మింగేస్తుంటే అటవీ శాఖ పీకించలేక అవస్థ పడుతోంది! ఆ మాట అక్కడే అనేసి వచ్చా. చివరికి డబ్బు ఇచ్చారు, అదీ ఏదో దయతలచినట్టు.

దయేమీ కాదు. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, కొన్న 6 నెలల్లోపు లోపం బయటపడితే అది అమ్మినప్పటి నుంచే ఉందన్నది సాధారణ నియమం, కాదని చూపించాల్సింది దుకాణమే. మొక్క దగ్గర వాళ్ళు వాదన పెట్టొచ్చు, అందుకే నాటే ముందు కుండీ తీసి వేళ్ళ ముద్దకు ఫొటో తీసి పెట్టుకోండి. అసలు కొనే ముందే కుండీ అడుగు చూడండి. రంధ్రాల్లోంచి లావు వేళ్ళు వేలాడుతుంటే వదిలేయండి. నడుమెత్తు మొక్క కంటే 9 సెంటీమీటర్ల కుండీలోని జానెడు మొక్క ఎంతో మేలు.

ఇంకా మేలు గింజ వేసుకోవడం. పైపెంకు గట్టిది, గరుకు కాగితం మీద ఒక పక్క రుద్ది, మరగని వేడి నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టాలి. ఉబ్బినవి వేయండి, ఉబ్బనివి మళ్ళీ రుద్దండి. లోతు కుండీలో కుండీకి ఒకటే, ఇసుక కలిపిన మట్టిలో. వేళ్ళు కుండీ అడుగుకు చేరగానే, ముద్ద చెదరకుండా నేలలో పెట్టేయాలి. 'ఆల్‌గోల్డ్', 'లీనా' లాంటి పేరున్న రకాలు మాత్రం గింజతో తల్లిలా రావు. వేసవి చివర, కొమ్మ మొదట్లో కాస్త పాత చెక్క అంటుకునేలా చీల్చిన చిన్న ముక్కలు ఇసుక మట్టిలో గుచ్చాలి.

ఎరువు వద్దు. ఇది కంది, వేరుశనగల కుటుంబమే. వేరు మీద బుడిపెలుంటాయి, గోటితో గిల్లితే లోపల గులాబీ రంగు కనిపిస్తే గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే పని సాగుతున్నట్టే. కొత్తింటికి వచ్చామని పశువుల ఎరువు గుమ్మరించే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. కొమ్మలు మెత్తగా సాగి గాలికి వాలిపోతాయి.

కత్తిరింపు ఏటా తప్పదు. మే నెల పూలు రాలగానే, పూసిన ఒక్కో కొమ్మ పొడవులో మూడింట రెండు వంతుల దాకా తీసేయండి. కానీ ఆకుపచ్చ కాండం మిగలాలి. గోధుమ రంగు బెరడు కట్టిన పాత చెక్కలోకి కత్తెర దింపితే అక్కణ్ణించి చిగురు రాదు. హెడ్జ్ ట్రిమ్మర్‌తో గుండ్రంగా చేసిపెడతానంటూ వచ్చే తోటపనివాళ్ళను గేటు దగ్గరే ఆపండి. ఎంత బాగా చూసినా పదేళ్ళ తర్వాత మొక్క కాళ్ళు బోసిపోతుంది. అప్పుడు పీకి కొత్తది వేసుకోవడమే.

మొగ్గల దగ్గర గరుకుగా బూడిద పచ్చ ముద్దలు కనిపిస్తే అది మొక్కల నల్లి (కంటికి ఆనని మైట్) పని. ఇంటి తోటలో కొట్టే మందేదీ దీనికి లేదు, ఆ కొమ్మలు కోసి పారేయాలి. గింజలు విషం, పిల్లలున్న ఇంట్లో కాయలు నల్లబడకముందే కోసేయండి. ఎండకు అవి టప్పున పగిలి గింజలు దూరంగా ఎగురుతాయి, మట్టిలో ఏళ్ళ తరబడి మొలుస్తూనే ఉంటాయి. ఊరెళ్ళేటప్పుడు బంధువులకని మాత్రం గింజలు మూటగట్టకండి.