ఏరియేటర్‌ను డ్రోన్ అంటున్న రాడార్

ఈ వారమంతా ఒకటే గొడవ. పైన ఏమీ ఎగరడం లేదు, స్క్రీన్ మీద మాత్రం "డ్రోన్" అని ఎర్రగా వెలుగుతోంది. అదీ వచ్చి పోవడం కాదు, సాయంత్రం మొదలైతే పొద్దెక్కేదాకా. పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి దగ్గర బాబాయి రొయ్యల చెరువు గట్టు మీద 3 మీటర్ల గొట్టానికి బిగించిన, డ్రోన్లను పసిగట్టే చిన్న రాడార్ సెటప్ ఇది. ఇదే రాడార్ మాడ్యూల్, ఇదే కోడ్ ఇంటి డాబా మీద ఒక్క తప్పుడు అలారం ఇవ్వలేదు. అందుకే మరీ చిరాకుగా ఉంది.

బాగా వచ్చినవి ముందు చెప్పేస్తాను. కొంగలు, నీటికాకులను ఇప్పుడు డ్రోన్ అనుకోవడం లేదు. స్పెక్ట్రంలో (సిగ్నల్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే బొమ్మలో) షెడ్డులోని ట్యూబ్‌లైట్ల వల్ల వచ్చే 100 హెర్ట్జ్ గీతలు నాచ్ ఫిల్టర్‌తో (ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసేసే ఫిల్టర్) చాలావరకు పోయాయి.

మాడ్యూల్ ఆర్‌ఎఫ్‌బీమ్ వాళ్ల కె-ఎల్‌సీ5, 24.125 గిగాహెర్ట్జ్. పాత హెచ్‌బీ100 మాడ్యూల్‌కి ఒకటే అవుట్‌పుట్ కాబట్టి వస్తువు దగ్గరికొస్తోందో దూరమవుతోందో తెలియదు. ఐ, క్యూ (దిశ తెలిసేలా పావు చక్రం తేడాతో వచ్చే రెండు అవుట్‌పుట్‌లు) రెండూ ఇచ్చే మాడ్యూల్ లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దనే నా సలహా. ఆ సిగ్నల్‌ను కంప్యూటర్‌లోకి తీసుకునే బెరింగర్ యూఎంసీ202హెచ్‌డీ సౌండ్‌కార్డు 96 కిలోహెర్ట్జ్‌లో నడుస్తోంది, దీనికి అంతకంటే ఖరీదైనది అక్కర్లేదు. రాడార్ 24.125 గిగాహెర్ట్జ్‌లో సెకనుకు 1 మీటరు వేగానికి 161 హెర్ట్జ్ డాప్లర్ (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే తేడా) వస్తుంది.

నా కోడ్ చూసేది ప్రొపెల్లర్ గీతలను. తమ్ముడి 5 అంగుళాల క్వాడ్‌కు (నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్) రెండు రెక్కల ప్రొపెల్లర్లు. గాల్లో నిలబడ్డప్పుడు నిమిషానికి సుమారు 11,000 చుట్లు, అంటే గీతకూ గీతకూ మధ్య 367 హెర్ట్జ్. సెప్‌స్ట్రమ్‌లో (గీతల మధ్య ఎడాన్ని పట్టే లెక్క) 150 నుంచి 900 హెర్ట్జ్ లోపు సమానమైన ఎడం కనిపిస్తే డ్రోన్ అని నిర్ణయిస్తుంది. ఇప్పుడు వేధిస్తున్న దాని ఎడం 190 హెర్ట్జ్. సున్నాకు రెండు వైపులా (దగ్గరికొచ్చే వైపు, దూరమయ్యే వైపు) ఒకేలా, 1.8 కిలోహెర్ట్జ్ దాకా గీతలున్నాయి. రోటర్ ఎలా ఉండాలో అచ్చం అలాగే ఉంది.

మొదట పవర్ సప్లై మీద అనుమానం వచ్చింది. అంతా 12 వోల్టుల బ్యాటరీ మీదికి మార్చినా గీతలు కదల్లేదు. షెడ్డు లైట్లన్నీ ఆర్పితే మిగిలిన 100 హెర్ట్జ్‌వి కూడా పోయాయి, ఇవి పోలేదు. మాడ్యూల్ ముందు అల్యూమినియం రేకు అడ్డం పెడితే పూర్తిగా మాయం. అంటే బయటి నుంచే వస్తున్నాయి.

అప్పుడు చెరువులోని ఏరియేటర్ల (నీళ్లను చిలికి ఆక్సిజన్ కలిపే మోటారు చక్రాలు) మీదికి దృష్టి వెళ్లింది. దగ్గరిది 18 మీటర్ల దూరం. దాని చక్రాల గీతలు వేరే ఉన్నాయి, 13.6 హెర్ట్జ్ ఎడంతో, ఒక వైపు మాత్రమే. చక్రం కింది భాగం నీళ్లలో ఉంటుంది కాబట్టి రాడార్‌కు కనిపించే పై భాగం ఎక్కువగా ఒకే దిశలో కదులుతుంది. 8 రెక్కల చక్రం, నిమిషానికి 102 చుట్లు, లెక్క సరిపోయింది. రెండో ఏరియేటర్ కాస్త నెమ్మది, 13.4 హెర్ట్జ్. రెండూ కలిసి 5 సెకన్లకోసారి పొంగి తగ్గుతుంటే ఏదో దగ్గరికొచ్చి వెళ్తున్నట్టే ఉంటుంది. దీన్ని కోడ్ పట్టించుకోదు, ఎడం చాలా చిన్నది.

మరి 190 ఎక్కడిది? రెండు సంఖ్యలనూ భాగించి చూశాను. 190ని 13.6తో భాగిస్తే సుమారు 14. గేర్‌బాక్సు మీద రాసి ఉన్న నిష్పత్తి కూడా 14! మోటారు నేమ్‌ప్లేట్ మీద నిమిషానికి 1440 చుట్లు. లోడ్‌లో 1425 తిరిగితే సెకనుకు 23.75, దాన్ని 8తో గుణిస్తే సరిగ్గా 190. మోటారు వెనక చల్లబరిచే ఫ్యానుకు 8 రెక్కలుంటే అంతా కలుస్తుంది. సుమారు 15 సెంటీమీటర్ల ఫ్యాను అంచు వేగం సెకనుకు 11 మీటర్లు, డాప్లర్ 1.8 కిలోహెర్ట్జ్. అది కూడా కలిసింది. పైనున్న ప్లాస్టిక్ కవర్‌లోంచి 24 గిగాహెర్ట్జ్ సులువుగా దూరిపోతుంది. ఓల్టేజీ పడినప్పుడు రెండు రకాల గీతలూ కలిసే జారుతున్నాయి. నాకైతే తొంభై పాళ్లు నమ్మకం కుదిరింది.

కారణం దొరికినా వదిలించుకోవడం కుదరడం లేదు. క్వాడ్ ప్రొపెల్లర్ అంచు డాప్లర్ 11.7 కిలోహెర్ట్జ్ దాకా వెళ్లాలి కాబట్టి వెడల్పు చూసి వేరు చేయవచ్చనుకున్నాను. బల్ల మీద కార్బన్ ఫైబర్ ప్రొపెల్లర్‌తో మొత్తం కనిపించింది. కానీ రాడార్ సిగ్నల్ దూరానికి నాలుగో ఘాతంలో పడిపోతుంది, దూరం రెట్టింపైతే పదహారో వంతే మిగులుతుంది. మబ్బు పట్టి పగలే ఏరియేటర్లు తిరుగుతున్న రోజు తమ్ముడు ప్లాస్టిక్ ప్రొపెల్లర్లతో 25 మీటర్లలో ఎగరేస్తే నాయిస్ పైకి తేలినవి మొదటి నాలుగైదు గీతలే, అంటే 1.8 కిలోహెర్ట్జ్ దాకా. ఫ్యానుదీ అంతే. మాడ్యూల్ కింద 30 సెంటీమీటర్ల రేకు చూరులా బిగిస్తే ఫ్యాను గీతలు 9 డెసిబెల్స్ తగ్గాయి, తక్కువ ఎత్తులో డ్రోన్ కూడా 4 తగ్గింది. లాభం ఉంది గానీ చాలదు.

ఏరియేటర్‌ను ఒక్క నిమిషం ఆపమని తెల్లవారుజామున బాబాయిని అడిగితే, "ఒరేయ్, ఈ టైములో ఆపితే రొయ్య తేలిపోద్ది" అన్నాడు. ఆయన మాటే రైటు. ఆ వేళకే నీళ్లలో ఆక్సిజన్ అన్నింటికంటే తక్కువ.

ఇప్పుడు ఆలోచిస్తున్నది ఎడం కదలికను గమనించడం. గాలి తోసినప్పుడల్లా డ్రోన్ నాలుగు మోటార్లూ వేగం మార్చుకుంటాయి, గీతలు లావుగా వణుకుతాయి. ఫ్యాను గీత సన్నగా నిలబడి ఉంటుంది. కరెంటు పోయి జనరేటర్ మీద నడిచేటప్పుడు ఇది ఎంతవరకు పనిచేస్తుందో చూడాలి. రెండోది, వీసీఓ పిన్ (వోల్టేజీతో మాడ్యూల్ ఫ్రీక్వెన్సీని మార్చేది) వాడి ఎఫ్‌ఎంసీడబ్ల్యూకి (ఫ్రీక్వెన్సీని స్వీప్ చేస్తూ, అంటే జరుపుతూ, దూరం కొలిచే పద్ధతి) వెళ్లడం. 250 మెగాహెర్ట్జ్ స్వీప్‌తో దూరంలో 60 సెంటీమీటర్ల తేడా తెలుస్తుంది, 18 మీటర్ల దగ్గరున్నదాన్ని పక్కన పెట్టేయొచ్చు. అయితే సెకనుకు 1000 స్వీప్‌లైతే డాప్లర్ ప్లస్, మైనస్ 500 హెర్ట్జ్ దాటితే మడతపడి తప్పు చోట కనిపిస్తుంది, రెక్కల గీతలు పోతాయి. అందుకే ఒక సెకను మామూలుగా, అర సెకను స్వీప్‌తో మార్చి మార్చి నడపాలి.

పొలాల్లో మందు కొట్టే పెద్ద డ్రోన్లు ఇంకో చిక్కు. 30 అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 2500 చుట్లు తిరిగితే ఎడం 83 హెర్ట్జే, నా 150 హద్దు కంటే కింద. హద్దు దించితే ట్యూబ్‌లైట్లు మళ్లీ వస్తాయి. ముందు ఫ్యాను సంగతి తేలాలి. రొయ్యల పట్టుబడి అయ్యాక ఏరియేటర్లను గట్టు మీదికి తీస్తారు. అప్పుడు కవర్ విప్పి రెక్కలు లెక్కపెట్టి, ఫ్యాను తీసి ఒకసారి, పెట్టి ఒకసారి మోటారు తిప్పి రికార్డు చేయడానికి బాబాయి ఒప్పుకున్నాడు.