ఆ సైకిలు ఏమైంది?

ఆదివారం, రాత్రి పదకొండున్నర.

పొద్దుటినుంచి ఒకటే ముసురు. అక్కావాళ్ళు పెళ్ళికని ఏలూరు వెళ్తూ మేనల్లుణ్ణి మా ఇంట్లో దింపేసి వెళ్ళారు. వాడికి పన్నెండేళ్ళు. చెప్పులు విప్పకుండానే వైఫై పాస్‌వర్డు మారిందా అని అడిగాడు. అన్నాలయ్యాక రిమోటు తెచ్చి నా చేతిలో పెట్టి, "మావయ్యా, మనం తొమ్మిదో ఎపిసోడ్ దగ్గర ఆపాం, గుర్తుందా?" అన్నాడు.

గుర్తుంది. పోయిన సెలవుల్లో వాడి పోరు పడలేక 'వన్ పంచ్ మ్యాన్' చూడడం మొదలుపెట్టాను. జపాన్ బొమ్మల సీరియల్, 2015లో వచ్చింది, మొదటి సీజన్ మొత్తం పన్నెండు ఎపిసోడ్లు. ఒక్కటి చూసి లేచిపోదామనుకున్నవాణ్ణి ఎనిమిది చూశాను. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

అమ్మ కూడా చిక్కుడుకాయల పళ్ళెంతో వచ్చి సోఫాలో కూర్చుంది. ఈనెలు తీస్తూ తెర వైపు చూసి, "ఈ గుండబ్బాయి ఎవరురా? తిరపతి వెళ్ళొచ్చాడా?" అంది. మావాడు ఓపిగ్గా కథ చెప్పాడు. సైతామా ఉద్యోగం దొరక్క తిరిగే కుర్రాడు. హీరో అవుదామని మూడేళ్ళపాటు రోజూ వంద పుషప్పులు, వంద సిటప్పులు, వంద గుంజీళ్ళు, పది కిలోమీటర్ల పరుగు. బలం వచ్చింది, జుట్టు ఊడింది. ఇప్పుడు ఎంతటి రాక్షసుడైనా ఒక్క గుద్దుకే ఠా. అందుకని వాడికి జీవితం మీద విసుగు.

"మన సినిమాల్లోనూ అంతే కదరా, ఒక్క గుద్దుకి పదిమంది ఎగిరి పడతారు. ఇందులో కొత్తేముంది?" అంది అమ్మ.

మా ఇద్దరికీ కాసేపు నోట మాట రాలేదు. నిజమే మరి. కాకపోతే మన హీరో గుద్దాక మెల్లగా నడిచొస్తాడు, వెనకాల పాట వస్తుంది. ఈ సైతామా పోరాటం మధ్యలోనే, ఇవాళ శనివారం, సూపర్ మార్కెట్లో తగ్గింపు ధరలు అయిపోతాయని బెంబేలు పడతాడు. పైగా వాడికి పేరుప్రఖ్యాతులు కూడా లేవు. హీరోల పరీక్షలో దేహదారుఢ్యానికి యాభైకి యాభై వచ్చినా, రాతపరీక్షలో తన్నేసి, మొత్తం 71 మార్కులతో అత్తెసరున గట్టెక్కాడు. అందుకే అట్టడుగున సి క్లాసులో పడేశారు. ఈ రాతపరీక్ష సంగతి వినగానే అమ్మకి వాడంటే అభిమానం పుట్టుకొచ్చింది. ఎందుకో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

ఇక ఎపిసోడ్ సంగతి. సముద్రంలోంచి ఒక రాక్షస రాజు ఊరిమీద పడ్డాడు. వానలో తడిసే కొద్దీ వాడి బలం పెరుగుతుంది. పెద్ద పెద్ద ర్యాంకుల హీరోలు ఒకరి తర్వాత ఒకరు నేలకూలారు. అందులో జైలు నుంచి వచ్చిన హీరో మీద జోకులు మాత్రం మోటుగా ఉన్నాయి, అమ్మ పక్కన కూర్చుని చూడ్డం ఇబ్బందే. జెనోస్ అనే ఇనుప కుర్రాడు ఒక చిన్నపిల్లకి అడ్డం పడి, రాక్షసుడు ఉమ్మిన ఆసిడ్‌కి సగం కరిగిపోయాడు. అప్పుడు వచ్చాడండీ ఒకడు, సైకిలు మీద.

పేరు ముమెన్ రైడర్. జపాన్‌లో కామెన్ రైడర్ అని ముసుగేసుకుని మోటారుసైకిలు మీద తిరిగే పాత టీవీ హీరో ఉన్నాడు. ఆ పేరు మీద వేసిన చమత్కారం ఇది: ముమెన్ అంటే లైసెన్సు లేనివాడు. లైసెన్సు లేదు కాబట్టి సైకిలు. వీడిదీ సి క్లాసే. సైకిలెత్తి రాక్షసుడి మీదకి విసిరాడు. అది వాడికి దోమ వాలినట్టు కూడా లేదు. తిరిగి ఒక్క దెబ్బ వేస్తే వీడు నేలమీద పడి, రక్తం కారుతూ మళ్ళీ లేచాడు. నేను గెలవలేనని అందరికంటే నాకే బాగా తెలుసు, అయినా ఇప్పుడు ఇక్కడ నీకు ఎదురు నిలబడాల్సింది నేనే అంటాడు. ఎనిమిది ఎపిసోడ్లుగా నవ్విస్తున్న సీరియల్ ఇక్కడ నవ్వించడం మానేసింది. దాక్కున్న జనం ఒక్కొక్కరే వీడి పేరు పిలవడం మొదలుపెట్టారు. అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

మావాడు పెట్టిన కేక కింద వాచ్‌మన్‌కి కూడా వినపడి ఉంటుంది. వాడికి కథంతా తెలుసు, ఇది నాలుగోసారి చూడడం. తర్వాతేమైందో చెప్పరా అంటే మాత్రం చెప్పడు. "చూడాలి మావయ్యా, చెబితే పోతుంది."

బాల్కనీలోకి వెళ్ళి చూస్తే వీధి చివర వేపకొమ్మ విరిగి తీగల మీద పడి ఉంది. గంట తర్వాత ఇద్దరొచ్చారు. ఒకతను స్తంభం ఎక్కాడు, ఇంకొకతను కింద టార్చి పట్టుకున్నాడు. వాన తగ్గలేదు. మా అపార్ట్‌మెంటు గ్రూపులో అప్పటికే నలభై మెసేజీలు. నెలనెలా బిల్లు కట్టించుకోవడం మాత్రం వచ్చు అని ఒకరు, ఫ్రిజ్‌లో పాలు విరిగితే ఎవరిస్తారని ఒకరు. నేనూ ఊరుకోలేదు. "ఒక్క తీగ సరిచేయడానికి రెండు గంటలా? ఇంతమంది ఉండి ఏం లాభం?" అని కొట్టాను. వెంటనే పద్నాలుగు బొటనవేళ్ళు పడ్డాయి. ఏదో సాధించినట్టే అనిపించింది.

తొమ్మిదింపావుకి కరెంటు వచ్చింది. ఆపిన చోటునుంచి పెట్టాం. ముమెన్ రైడర్ మళ్ళీ దెబ్బ తిని ఎగిరిపడ్డాడు. కింద పడకముందే సైతామా వచ్చి పట్టుకున్నాడు, బాగా పోరాడావని మెచ్చుకున్నాడు. తర్వాత మామూలే, ఒక్క గుద్దు. రాక్షసుడి పొట్టలో రంధ్రం, ఆకాశంలో మబ్బులు చెదిరిపోయి వాన ఆగింది. ఆ బొమ్మలు వేసిన తీరుకి మాడ్‌హౌస్ స్టూడియోవాళ్ళకి దండం పెట్టాలి.

అసలు సంగతి ఆ తర్వాత. ప్రాణాలతో బయటపడ్డ జనంలోంచి ఒకాయన అందుకున్నాడు. సి క్లాసు వాడు ఒక్క దెబ్బకి చంపేశాడంటే, ముందొచ్చి ఓడిపోయినవాళ్ళంతా ఎందుకూ పనికిరానివాళ్ళే కదా అని. సైతామా ఒక్క క్షణం ఆగి, పెద్దగా నవ్వేసి అబద్ధమాడాడు. ముందొచ్చినవాళ్ళే వాణ్ణి కొట్టి కొట్టి నీరసపరిచారు, చివర్లో వచ్చిన నేను అదృష్టం కొద్దీ పేరు కొట్టేశాను, అందరికీ అలాగే చెప్పండి అన్నాడు. జనం నమ్మేశారు. తర్వాత మోసగాడని తిడుతూ వాడికి ఉత్తరం కూడా వస్తుంది.

రాక్షసుణ్ణి కొట్టడానికి వాడికి ఏ కష్టమూ లేదు. ఈ సీరియల్లో వాడు పోగొట్టుకోగలిగింది పేరొక్కటే, దాన్నీ పారేసుకున్నాడు. మావాడు నా మొహం చూస్తున్నాడు, ఏడుస్తానేమోనని కాబోలు. నేను జనంలోంచి ఆ మాటన్న కళ్ళజోడాయన గురించి ఆలోచిస్తున్నాను. కళ్ళజోడు ఉందో లేదో ఇప్పుడు సరిగ్గా గుర్తు రావట్లేదు. నాకైతే ఉంది.

ఫోను తీసి గ్రూపులో నా మెసేజీ చెరిపేశాను. చెరిపేసినట్టు అందరికీ కనిపిస్తుందట. కనిపించనీ. అప్పటికి వీధిలో ఇద్దరూ వెళ్ళిపోయారు, విరిగిన కొమ్మ గోడవారగా పెట్టి ఉంది.

మావాడు పదింటికల్లా నిద్రపోయాడు. దుప్పటి కప్పబోతే కళ్ళు తెరవకుండానే, రేపు పదో ఎపిసోడ్ అని గుర్తుచేశాడు. అమ్మ వంటింటి దీపం ఆపి వస్తూ గుమ్మంలో ఆగింది.

"ఒరే, ఆ పిల్లాడు సైకిలు విసిరేశాడు కదా, అది ఏమైంది? బాగుచేయించుకున్నాడా?"

"తర్వాత మళ్ళీ తొక్కుతాడు అమ్మమ్మా," అన్నాడు దుప్పట్లోంచి మావాడు.

"హమ్మయ్య," అంది అమ్మ.